చేతికివ్వని ఉప్పు

రోజూ పొద్దున మా నాన్న నన్ను స్కూటరు మీద సూర్యాపేట బస్టాండుకు తీసుకుపోయి మిర్యాలగూడ బస్సు ఎక్కించేవాడు. బస్సు కదిలేదాకా నిలబడి చెయ్యి ఊపేవాడు. నేను ఊరు దాటకముందే దిగిపోయేవాణ్ణి. అక్కణ్ణుంచి ఆటోలో వెనక్కి హైవే మీదికి వచ్చి కోదాడ బస్సు పట్టుకునేవాణ్ణి. మొదట్లో కండక్టరు, "ఏంది సార్, రోజు ఎక్కుతవ్, గీడనే దిగుతవ్, ఏమన్న పరేషానా?" అని అడిగేవాడు. తర్వాత తర్వాత అడక్కుండానే దగ్గరి స్టేజీకి టికెట్టు కొట్టి ఇచ్చేవాడు. ముప్పై దాటిన మనిషిని, బడి ఎగ్గొట్టే పిల్లాడిలా రోడ్డు పక్కన దిగి అటూ ఇటూ చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తల్చుకున్నా తల కొట్టేసినట్టవుతుంది.

చేతిసంచీలో పైన అన్నం డబ్బా. దాని కింద సిమెంటు మరకల ప్యాంటూ చొక్కా. అన్నిటికన్నా అడుగున, పాత టవల్లో చుట్టిన టెస్టరూ కటింగ్ ప్లేయరూ. ఒంటి మీద మాత్రం ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. కోదాడలో సగం కట్టిన ఏదో ఒక ఇంట్లోకి పోయి ఆ చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే, అప్పుడు నేను కరెంటు మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే హెల్పర్ని. సాయంత్రం మళ్ళీ ఆ చొక్కా తొడుక్కుంటే మిర్యాలగూడ రైసు మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాని. మిల్లు ఏదో, ఎక్కడుందో నాకే తెలియదు.

ఆ అబద్ధం మా అమ్మ మొదలుపెట్టింది. ఎందుకో చెప్పాలంటే మా కొట్టు సంగతి చెప్పాలి.

మాది తాతల నాటి ధాన్యం కొట్టు. పెన్‌పహాడ్, గరిడేపల్లి వైపు నుంచి రైతులు బస్తాలు తెచ్చేవాళ్ళు. నాన్న తెల్లటి పరుపు వేసిన గద్దె మీద కూర్చునేవాడు. కొట్లో ఎంత రద్దీ ఉన్నా ఆయన గద్దె దిగగా నేను చూడలేదు. మాట గద్దె మీది నుంచే, పని కింద హమాలీలది. కాలక్రమాన రైతులు నేరుగా మిల్లులకు పోవడం నేర్చుకున్నారు. ఒక వేసవిలో షట్టరు దించాం, మళ్ళీ ఎత్తలేదు. పెద్ద దెబ్బ తినడం, ఏడుపులు, అట్లాంటివేమీ లేవు. రావడం మానేసిన చుట్టంలాగా బేరం నెమ్మదిగా మానేసింది, అంతే. నాన్న మాత్రం రోజూ పోయి మూసిన షట్టరు ముందు మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకొని వచ్చేవాడు.

నేను అక్కడా ఇక్కడా లెక్కలు రాశాను. ఎక్కడా నిలవలేదు. నిజం చెప్పాలంటే గద్దె మీద కూర్చోవడం నాకెప్పుడూ చేతకాలేదు. కాళ్ళు తిమ్మిరెక్కేవి, మనసు ఫ్యాను రెగ్యులేటరు మీదికి పోయేది. ఇంట్లో స్విచ్చు పాడైతే నాన్న నిద్రపోయే వేళ చూసి విప్పేవాణ్ణి. అమ్మకు తెలుసు. అందుకే కోదాడలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటానని, కొన్నాళ్ళు చేస్తే వైర్‌మన్ పరీక్షకు కూర్చోవచ్చని చెబితే ఆమె ఏడవలేదు, అరవలేదు. "మీ నాన్నకు నేను చెప్పుకుంట తియ్యి" అంది. చెప్పింది మాత్రం మిర్యాలగూడ మిల్లు సంగతి.

నాన్న ముఖం వెలిగిపోయింది. "మావోడు గద్దె దిగలే" అని ఆ రోజే బజారంతా చెప్పుకొని వచ్చాడు. మా పెదనాన్న మనవడు ఒకడు పంక్చరు షాపు పెట్టుకుంటే వాడి పెళ్ళికి కూడా పోని మనిషి ఆయన. కొట్టు పోయింది, తక్కెడలు పోయాయి, ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క మాట. నేను నిచ్చెన మీద ఉండగా ఆయన కంట పడితే ఆ మాట కూడా పోతుంది. అందుకని రోజూ రెండు బస్సులు మారాను.

ఇక మేస్త్రీ ఎవరో కూడా చెప్పాలి. మా కొట్లో ఏళ్ళ తరబడి బస్తాలు మోసిన హమాలీ కొడుకు. నాకన్నా చాలా చిన్నవాడు. పెళ్ళయ్యాక కోదాడలో స్థిరపడి, ఇళ్ళ వైరింగులో మంచి పేరు తెచ్చుకున్నాడు. నేను అడగడానికి పోయినప్పుడు అతను స్టూలు మీద నిలబడి ఫ్యాను బిగిస్తున్నాడు. కిందికి చూసి, "చిన్న సేట్ నువ్వా? ఎవలింటికొచ్చినవ్?" అన్నాడు. పని నేర్పమని అడిగితే నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతనూ ఆపేశాడు.

"పొద్దుగాల్ల రావాలె. గోడలకు గాళ్ళు కొట్టాలె. దుమ్ము తినాలె. అయితదా?"

"అయితది" అన్నాను.

మా పనిలో ఒక మర్యాద ఉంది. నేర్పేవాడు వయసులో ఎంత చిన్నవాడైనా నేర్చుకునేవాడు "అన్నా" అనాలి. నేను అన్నాను. అతనికి నన్ను మిగతా పనివాళ్ళ ముందు "చిన్న సేట్" అనడం కుదరదు, పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, వయసు చూసి అతనూ "అన్నా" అన్నాడు. ఇద్దరు మనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరినొకరు అన్నా అన్నా అనుకోవడం చూసి ప్లంబరు, "మీ ఇద్దరిట్ల తమ్ముడెవలయ్యా?" అని ఏడిపించేవాడు.

పని కష్టమే. సుత్తీ ఉలీ పట్టి పైపు పట్టేంత లోతున గోడకు గాడి కొడుతుంటే మొదటి వారం బొటనవేలు ఉబ్బి అన్నం ముద్ద కూడా కలపలేకపోయాను. పైపుల్లోంచి స్ప్రింగు వైరు తోసి, దాని కొసకు వైర్లు కట్టి అవతలి గదిలోంచి లాగాలి. లాగేవాడికీ తోసేవాడికీ ఒకే ఊపు ఉండాలి, లేకపోతే వైరు మధ్యలో బిగుసుకుంటుంది. నాకా ఊపు తొందరగా పట్టుబడింది. మొదటిసారి నేను బిగించిన బోర్డు మీద లైటు వెలిగినప్పుడు స్విచ్చు వేసి ఆర్పి, వేసి ఆర్పి, చిన్నపిల్లాణ్ణయిపోయాను. ఆ సాయంత్రం మేకు మీది ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుంటున్నప్పుడు మాత్రం ఆ సంతోషమంతా నీరుగారిపోయింది. ఇంటికి పోయి ఎవరికి చెప్పుకోను?

ఉప్పు సంగతి జరిగింది పనిలో చేరిన కొత్తలో.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. ఇంకా గచ్చు చెయ్యని గదిలో ఇటుకలు పరుచుకొని ఎదురెదురుగా. అతని భార్య పప్పులో ఉప్పు మరిచిపోయినట్టుంది, మొదటి ముద్దకే ముఖం చిట్లించాడు. మా అమ్మ పెరుగన్నంలోకని కాగితంలో ఉప్పు కట్టి ఇచ్చేది. "అన్నా, జర ఉప్పున్నదా?" అని చెయ్యి చాపాడు. నేను పొట్లం తీసి, అతని చేతి పక్క నుంచి పోనిచ్చి, అతని ముందున్న ఇటుక మీద పెట్టాను.

మా ఇళ్ళల్లో ఉప్పు ఎవరికీ చేతికివ్వరు. ఇస్తే గొడవలవుతాయని. కిరాణా కొట్లలో కూడా ఉప్పు బల్ల మీద పెడితే కొన్నవాళ్ళు తీసుకోవాలి. అమ్మ అన్నం తినేటప్పుడు నాకు కూడా కంచం పక్కనే పెడుతుంది తప్ప చేతిలో వెయ్యదు. ఆలోచించి చేసిన పని కాదది. నా చెయ్యి దానంతట అదే చేసింది.

అతను ఇటుక మీది పొట్లం చూశాడు. చాపిన తన చెయ్యి చూసుకున్నాడు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకొని ప్యాంటుకు తుడుచుకున్నాడు. పప్పన్నం అట్లాగే చప్పగా తినేశాడు. నేనేమనుకున్నానంటే, అక్కర్లేదేమోలే అనుకున్నాను. అనుకుని ఆ పొట్లం మడిచి మళ్ళీ నా సంచీలో పెట్టుకున్నాను కూడా.

ఆ తర్వాత నుంచి అతను నాకేదీ చేతికివ్వలేదు. టెస్టరు కావాలంటే నేల మీద పెట్టేవాడు, నేను నిచ్చెన దిగి తీసుకోవాలి. అతను పైనుంటే, "మెట్టు మీద పెట్టు అన్నా" అనేవాడు, పెట్టాక వంగి తీసుకునేవాడు. కాగితం గ్లాసులో టీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టేవాడు. ఇదంతా పని నేర్పే పద్ధతనుకున్నాను నేను. ఎక్కడం దిగడం అలవాటు చేస్తున్నాడు, మంచిదే అనుకున్నాను. ఇంత మొద్దుబుర్ర మనిషిని గద్దె మీద కూర్చోబెట్టి ఉంటే కొట్టు ఇంకా ముందే మూతపడేది.

ఒకరోజు అతను నిచ్చెన మీద ఉండగా తాపీ పనాయన కింది నుంచి సుత్తి అందించాడు. చేతిలోంచి చేతిలోకి. కాసేపటికి ప్లంబరు ప్లేయరు అడిగితే అట్లాగే చేతికిచ్చాడు. తర్వాత నేను స్క్రూడ్రైవరు పైకి చాపితే, "మెట్టు మీద పెట్టు అన్నా" అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఇటుక, పొట్లం, ప్యాంటుకు తుడుచుకున్న చెయ్యి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నిచ్చెన కాలు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. అతను కిందికి దిగేదాకా ఆగి అతని దగ్గరికి పోయాను.

"అన్నా, ఆ రోజు ఉప్పు... మా ఇంట్ల ఉప్పు ఎవలకూ చేతికియ్యరు అన్నా. కొట్లాటయితదని. మా అమ్మ నాకు గూడ ఇయ్యదు."

అతను వైరు తోలు ఒలుస్తూ తలెత్తకుండానే, "ఔనా" అన్నాడు. "మా ఇంట్ల ఇస్తం."

ఇంకో వైరు తీసుకున్నాడు. అది కూడా ఒలిచాడు.

"మీ కొట్ల గ్లాసు గూడ గట్లనేనా అన్నా? కొట్లాటయితదనేనా?"

మా కొట్టు పక్క గోడకు బయటి వైపు ఒక గూడుండేది. అందులో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అది హమాలీల గ్లాసు. లోపలి కుండ పక్కనుండే గ్లాసులతో అది కలవకూడదు. దాహమైతే వాళ్ళు ఆ గ్లాసు తీసి పట్టుకుంటే లోపలి నుంచి చెంబుతో ఎత్తి పోసేవాళ్ళం. నేను కూడా పోశాను. అతని తండ్రికి పోశాను. అప్పుడు అది ఒక సంగతని కూడా నాకు తోచలేదు. తండ్రికి అన్నం తీసుకొచ్చిన రోజుల్లో అతను ఆ గోడ పక్కన నిలబడి చూసే ఉంటాడు.

ఉప్పు సంగతి నిజం. గ్లాసు సంగతి అంతకన్నా నిజం. ఆ నిజం ముందు ఈ నిజాన్ని ఎవరైనా ఎందుకు నమ్మాలి? అతను కోప్పడలేదు, పనిలోంచి తియ్యలేదు, నేర్పడం తగ్గించలేదు. నన్ను తిట్టినా బాగుండేది. రోజూ కిటికీ గట్టు మీద టీ చల్లారుతుంటే, తీసుకొని తాగుతూ ముఖం ఎటు పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ ఇంటిపని అయిపోవచ్చింది. మిర్యాలగూడలో మిల్లున్న షావుకారు ఒకాయన కోదాడలో కట్టించుకుంటున్న ఇల్లది. ఆయన ఎప్పుడో ఒకసారి కారులో వచ్చి చూసిపోయేవాడు. నేను ముఖానికి టవలు చుట్టుకొని గాళ్ళు కొడుతుండేవాణ్ణి కాబట్టి నన్నెప్పుడూ సరిగ్గా చూడలేదు. ఒక సాయంత్రం ఇంటికి పోయేసరికి నాన్న చేతిలో పసుపు రాసిన గృహప్రవేశం కార్డు. ఆ షావుకారు ఒకప్పుడు మా కొట్లో వడ్లు కొన్నవాడట.

"మనల్ని యాది పెట్టుకున్నడు సూడు" అన్నాడు నాన్న. కొట్టు మూసినప్పటి నుంచి ఏ శుభకార్యానికీ పోని మనిషి గల్లాపెట్టెలో దాచినట్టు దాచుకున్న తెల్ల ధోవతి తీయించాడు. "నువ్వు గూడ రా. మిర్యాలగూడ మిల్లులోళ్ళంత వస్తరు. మీ సేట్ గూడ వస్తడేమో, కలుద్దాం."

అమ్మ వంటింట్లోంచి నన్ను చూసింది. నేను అమ్మను చూశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆమె తప్పించుకుంది, నాకు తప్పలేదు.

గృహప్రవేశం రోజు మేస్త్రీలు అక్కడే ఉండాలి. సీరియల్ లైట్లు, మోటారు, కూలర్లు, ఏది ఆగినా పరుగెత్తాలి. నన్నూ రమ్మన్నాడు. రాలేనని చెప్పి, ఎందుకో చెప్పలేక నీళ్ళు నమిలాను.

"పెద్ద సేట్ వస్తున్నడా?" అని అతనే అడిగాడు. నేను తలూపాను. "సరే. నువ్వు సుట్టమోలె రా అన్నా. నేను నిన్ను ఎరగ."

అంత తేలిగ్గా అన్నాడు. నేను కృతజ్ఞతతో కుంచించుకుపోయాను, ఇంతకన్నా ఎట్లా చెప్పాలో తెలియదు.

ఆ రోజు నేను బిగించిన లైట్ల కింద, నేను లాగిన వైర్ల మీద తిరుగుతున్న ఫ్యాను కింద, ఇస్త్రీ చొక్కా వేసుకొని నాన్న పక్కన కుర్చీలో కూర్చున్నాను. వ్రతం జరుగుతోంది. నాన్న పాతవాళ్ళందరికీ నన్ను చూపించి "మిల్లుల లెక్కలు రాస్తడు" అని చెబుతున్నాడు. ఏ మిల్లని ఎవరైనా అడుగుతారేమోనని నేను మాటిమాటికీ మంచినీళ్ళకని లేస్తున్నాను. ఇంతలో వంటవాళ్ళు పెద్ద గ్రైండరు తెచ్చి కూలర్ల లైనుకే తగిలించారు. కరెంటు పోయింది. అందరూ విసనకర్రల్లాగా కార్డులు ఊపుకోవడం మొదలుపెట్టారు.

అతను గుమ్మం ముందు షామియానా కింద నిచ్చెన వేసుకొని ఎక్కాడు. ఎక్కాక టెస్టరు కింద మరిచిపోయినట్టు చూసుకొని దిగాడు. మళ్ళీ ఎక్కి, టేపు కోసం దిగాడు. ఒక్కడే నిచ్చెన ఊగకుండా గోడకు ఆనించుకుంటూ, ఎక్కుతూ దిగుతూ. నాకూ ఆ నిచ్చెనకూ మధ్య నాలుగు కుర్చీల దూరం ఉంటుందేమో. నా చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకొని కూర్చున్నాయి. "ఒక్కడే తన్లాడుతున్నడు, పాపం" అన్నాడు నాన్న. నేను అవునన్నాను.

వ్రతం అయ్యాక ఇల్లు కట్టిన పనివాళ్ళకు బట్టలు పెట్టడం మొదలైంది. తాపీ మేస్త్రీ, వడ్రంగి, ప్లంబరు, ఒక్కొక్కరినే పిలిచి బొట్టు పెట్టి, ప్యాంటూ చొక్కా గుడ్డలున్న సంచీ చేతిలో పెడుతున్నారు. కరెంటు మేస్త్రీని పిలిచారు. అతను దుమ్ము దులుపుకొని పోయి తీసుకున్నాడు. షావుకారు ఇంకో సంచీ పట్టుకొని, "నీ హెల్పరేడయ్యా? ఇది ఆయనది" అన్నాడు.

అతను నా వైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు. "ఇయ్యాల రాలే సేట్" అన్నాడు.

"ఏంది రాలే?" అన్నాడు మా నాన్న.

గొంతు పెద్దది ఆయనది, బస్తాల లెక్క బయటికి వినపడేలా చెప్పిన గొంతు. అందరూ తిరిగారు. "గీడ కూసున్నడు గదా మావోడు. లే. పోయి తెచ్చుకో. మనకు రావాల్సింది ఎందుకు ఇడవాలె?"

షావుకారు హాస్యమనుకొని నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నా మోచెయ్యి పట్టి లేపాడు. "నిజమే అంటున్న. మీ ఇంటి గోడలకు గాళ్ళు కొట్టింది వీడే."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను ఎట్లా నడిచానో తెలియదు. బొట్టు పెడుతుంటే షావుకారు వేలు నా నుదుటి మీద తడబడింది. చుట్టానికి పెట్టేదైతే పళ్ళెంలో తాంబూలం ఉండాలి, నాకిచ్చేది సంచీ. ఆయన కూడా పాపం ఇబ్బంది పడ్డాడు. సంచీ తీసుకొని తిరిగితే మేస్త్రీ నేల చూపులు చూస్తున్నాడు. తన మాట పోయినందుకు కాదు, నా పరువు కాపాడలేకపోయినందుకు. అది చూడటం అందరి చూపులకన్నా కష్టమైంది.

చివరి బంతిలో పనివాళ్ళతో కూర్చున్నాను. మేస్త్రీ పక్కనే. నాన్న అప్పటికే తినేసి, వడ్డన సామాను పెట్టిన బల్ల పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇంటావిడ చిలుకూరు ఆడపడుచు, మాట కొంచెం ఆంధ్రా వైపు. ఆమె వడ్డిస్తూ, "అన్నయ్యగారూ, ఆ ఉప్పు గిన్నె కాస్త ఇటివ్వండి" అని చెయ్యి చాపింది. నాన్న గిన్నె తీసి, చాపిన చెయ్యి దాటించి బల్ల అంచున పెట్టాడు.

"తీస్కో అమ్మా. ఉప్పు చేతికియ్యొద్దు, కొట్లాటయితది."

మేస్త్రీ చేతిలో ముద్ద ఆగిపోయింది. గిన్నె వైపు చూశాడు, ఇంటావిడ వైపు చూశాడు, నా వైపు తిరిగాడు. "ఉప్పు ముచ్చట నిజమే అన్నట్టు" అని మెల్లగా నవ్వాడు. నవ్వి నవ్వి పొలమారింది. నా నీళ్ళ గ్లాసు అతనికి అందించాను. చేత్తోనే తీసుకొని తాగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తేలిపోయింది ఉప్పు సంగతి ఒక్కటే, గ్లాసు సంగతి అట్లాగే ఉంది.

తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకొని బోర్లా వెల్లకిలా తిప్పి చూశాడు. "పెన్ను పట్టినోని చేతులేవో, సుత్తె పట్టినోని చేతులేవో నాకు తెల్వదారా? ఇన్నేండ్లు ఏం సూసిన నేను? కోదాడ పోయొచ్చినోళ్ళు నువ్వు ఎవల దగ్గర, ఏ ఇంట్ల పని చేస్తున్నవో గూడ చెప్పిండ్రు."

"మరి రోజూ బస్సెందుకు ఎక్కించినవ్ నాన్నా?"

"నువ్వు సిగ్గుపడుతున్నవని. నాకు తెలిసిందంటే ఇంకింత సిగ్గుపడుతవని. ఇయ్యాల ఆ పోరడు నీ కోసం అబద్ధమాడిండు. గది నాకు మంచిగనిపియ్యలే."

ఆయన పరువు కాపాడుతున్నానని నేను, నా పరువు కాపాడుతున్నానని ఆయన. మధ్యలో ఆ ఉక్కలో ఒక్కడే నిచ్చెన ఎక్కి దిగినవాడు ఇంకొకడు.

పరీక్ష పాసయ్యాక నాన్నే కొట్టు షట్టరు ఎత్తించాడు. కరెంటు సామాను పెట్టుకొమ్మన్నాడు. కొత్త వైరింగుకు సాయం చేస్తానని మేస్త్రీ కోదాడ నుంచి వచ్చాడు. అతను వచ్చేలోపల నేను కొట్టంతా శుభ్రం చేశాను. పాత కుండ బయట పడేశాను, లోపలి గ్లాసులు మార్చాను. అతని కంట ఏమేం పడకూడదో అన్నీ వెతికి తీసేశాననుకున్నాను. పక్క గోడ వైపు నేనెప్పుడూ నిలబడలేదు. ఆ వైపు నిలబడి నీళ్ళు తాగాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. అందుకే ఆ గ్లాసు ఇంకా ఆ గూట్లోనే ఉంటుందని తోచలేదు.

స్తంభం నుంచి వచ్చే వైరు ఆ గోడ మీదుగానే లాగాలి. అతను నిచ్చెన తీసుకొని అటు పోయాడు. చాలాసేపు సుత్తి చప్పుడు వినపడలేదు. తర్వాత లోపలికి వచ్చాడు. చేతిలో గ్లాసుంది. మట్టి పట్టి, లోపల సాలెగూడు.

"సేట్" అన్నాడు నాన్నతో, "గిది మా నాయినది. తీస్కపోనా?"

నాన్న గద్దె మీద ఉన్నాడు. ఆ గ్లాసును ఎంతసేపు చూశాడో. "అప్పుడు గట్ల నడిచె..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ గద్దె దిగగా నేనెప్పుడూ చూడని మనిషి దిగాడు. గ్లాసు అందుకొని, భుజం మీది కండువాతో లోపలా బయటా తుడిచాడు. తుడిచినంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. తర్వాత దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"తీస్కపో మేస్త్రీ" అన్నాడు.

అతను దాన్ని పనిసంచీలో ప్లేయర్ల పక్కన పెట్టుకున్నాడు. నిచ్చెన ఎక్కి కిందికి చెయ్యి చాపి, "అన్నా, టెస్టర్" అన్నాడు. నేను టెస్టరు అతని చేతిలో పెట్టాను. ఆ పూటంతా అతనడిగిన ప్రతి సామానూ ఆ సంచీలోంచే తీసివ్వాల్సి వచ్చింది, తీసినప్పుడల్లా అది గ్లాసుకు తగిలి మోగింది. నేనూ నాన్నా ఆ చప్పుడు వింటూనే ఉన్నాం. ఇద్దరం ఒక్కసారి కూడా తలెత్తి ఒకరినొకరు చూసుకోలేదు.